వృత్తి పరిచయ ప్రొఫైల్: పూతలపట్టు ప్రాంతం నుంచి ఒక పరిశీలన

వృత్తి పరిచయ ప్రొఫైల్ అంటే ఒకరి చదువు, చేసిన పనులు, చేతనైన విద్యలు, తనతో పనిచేసినవారు తన గురించి చెప్పిన మాటలు ఒకచోట కూర్చి, ఉద్యోగుల కోసం వెతికేవారికి దొరికేలా ఇంటర్నెట్‌లో నిలిపి ఉంచే పుట. రెజ్యూమె మనం పంపినవారికే చేరుతుంది. ప్రొఫైల్ మన పేరు కూడా విననివారికి వెతుకులాటలో తగులుతుంది. ఈ రకం వేదికల్లో నేడు అన్నిటికన్నా పెద్దది లింక్డిన్. రీడ్ హాఫ్‌మన్, మరికొందరు కలిసి 2002 చివర్లో దాన్ని స్థాపించి, 2003 మే 5న అందరికీ తెరిచారు. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి ప్రపంచమంతటా సభ్యులు వంద కోట్లు దాటారు; అందులో పది కోట్లకు పైగా భారతీయులు, అమెరికా తర్వాత ఎక్కువమంది మనవాళ్లే. ఈ వ్యాసం ఆ పుటను చిత్తూరు జిల్లా పూతలపట్టు వంటి ప్రాంతం వైపు నుంచి చూస్తుంది. అలా చూస్తే ప్రొఫైల్‌కు విలువ అందులో రాసుకున్న గొప్పల వల్ల రాదని తెలుస్తుంది. బంధువులు, ఊరివాళ్లు, బ్యాచ్‌మేట్లు అనే వలయానికి బయట ఉన్నవారికి మనిషిని నమ్మదగిన రీతిలో పరిచయం చేయగలిగినప్పుడే దానికి విలువ. ఆ వలయం ఎంత చిన్నదైతే ప్రొఫైల్ అవసరం అంత ఎక్కువ. అవసరం ఎక్కువగా ఉన్నవారికే దాన్ని నేర్పేవారు తక్కువగా ఉన్నారు. ఇది మార్చుకోగల పరిస్థితి.

పూతలపట్టు, చిత్తూరు–కర్నూలు జాతీయ రహదారి నుంచి తిరుపతి దారి చీలే కూడలి. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో ఎస్సీలకు కేటాయించిన శాసనసభ స్థానంగా ఏర్పడింది. పూతలపట్టుతో పాటు ఐరాల, తవణంపల్లె, బంగారుపాళ్యం, యాదమరి మండలాలు దాని కిందికి వస్తాయి. మామిడి, చెరకు, పాడి మీద బతికే పల్లెలివి. అయినా పెద్ద సంస్థల పేర్లు ఈ నేలకు కొత్త కాదు. మండలంలోని పేటమిట్ట అమరరాజా సంస్థల వ్యవస్థాపకుడు గల్లా రామచంద్ర నాయుడి స్వగ్రామం. తవణంపల్లె మండలం అరగొండ అపోలో ఆసుపత్రుల స్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. చదువుకూ కొదవ లేదు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉన్నాయి. పాకాల దగ్గర పి. కొత్తకోటలో వేము ఇంజినీరింగ్ కళాశాల 2008లో వచ్చింది. ఐఐటీ, ఐసర్ 2015లో తిరుపతికి వచ్చాయి. రంగంపేటలోని శ్రీ విద్యానికేతన్ 2022లో మోహన్‌బాబు విశ్వవిద్యాలయమైంది. కొదవల్లా చదివిన చదువుకు తగిన కొలువుల దగ్గరే. అవి ఎక్కువగా బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉన్నాయి. బెంగళూరు, చెన్నై రెండూ బస్సులో ఒక్క పూట ప్రయాణమే. అంత దగ్గరున్నా అక్కడి కంపెనీలో మనుషులను ఎంపిక చేసే హెచ్‌ఆర్‌కు పూతలపట్టు బిడ్డ ఉన్న సంగతే తెలియదు. దూరం రోడ్డుది కాదు, సమాచారానిది.

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు లింక్డిన్‌తో మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి 1945లో ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీలు పుట్టాయి. 1959 చట్టం యజమానులు ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలపడం తప్పనిసరి చేసింది. అక్కడి నుంచి వచ్చినవారినే తీసుకోవాలని మాత్రం అనలేదు. కార్డు చేయించుకుని, గడువుకు రెన్యువల్ చేయించుకుంటూ, కాల్‌లెటర్ కోసం ఎదురుచూసిన తరం ఒకటి ఈ జిల్లాలో ఉంది. ఆ కార్డు మీద మనిషికి ఒక నంబరు, ఒక అర్హత ఉండేవి తప్ప, ఏం చేయగలడో చెప్పే చోటు లేదు. 1997లో నౌకరీ డాట్‌కామ్ రెజ్యూమెల గిడ్డంగిని తెరిచింది. 2015లో కేంద్ర కార్మిక శాఖ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ పెట్టింది. 2019లో వచ్చిన అప్నా యాప్ డెలివరీ, అమ్మకాలు, టెలికాలింగ్ వంటి పనులకు వెళ్లేవారిని చేరింది. వీటన్నిటిలో అభ్యర్థికీ ఉద్యోగానికీ మధ్య లంకె ఉంది. అభ్యర్థికీ మరో ఉద్యోగికీ మధ్య లంకెను పుట లోపలే చూపించడం లింక్డిన్ తెచ్చిన కొత్త సంగతి. ఎవరు ఎవరికి తెలుసో, ఎవరి ద్వారా ఎవరిని చేరవచ్చో అందులో కనిపిస్తుంది.

ఈ లంకెలకు అంత బలం ఎందుకో అర్థం కావాలంటే సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ దగ్గరికి వెళ్లాలి. అమెరికాలో బోస్టన్ పక్కన ఉన్న న్యూటన్‌లో ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను ఆయన విచారించి, 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం తెలిసినవారిలో, ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా కలిసేవారు 27.8 శాతం. కారణం సులువుగా ఊహించదగినదే. మన దగ్గరివాళ్లకు తెలిసిన విషయాలు చాలావరకు మనకూ తెలిసి ఉంటాయి. దూరపు పరిచయం మరో లోకపు వార్త మోసుకొస్తుంది. పూతలపట్టు కుర్రవాడికి బెంగళూరు మారతహళ్లిలో ఉన్న చిన్నాన్న కొడుకు, అదే గదిలో ఉంటున్న సీనియర్, వాళ్ల స్నేహితుడు ఒకే కంపెనీ ఖాళీల గురించి చెబుతారు. రెండేళ్ల కింద ఒక వర్క్‌షాపులో కలిసిన చెన్నై ఇంజినీరు ఇంకో కంపెనీ గురించి చెబుతాడు. గ్రానొవెటర్ చెప్పింది కేవలం సహసంబంధం కావచ్చు, దూరపు పరిచయాలు ఎక్కువగా ఉన్నవారే ముందునుంచీ చొరవ గలవారేమో అన్న సందేహం యాభై ఏళ్లు మిగిలే ఉంది. 2022 సెప్టెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దాన్ని చాలావరకు తీర్చింది. ‘మీకు తెలిసి ఉండవచ్చు’ అని లింక్డిన్ చూపించే పేర్లను 2015 నుంచి 2019 దాకా యాదృచ్ఛికంగా మార్చి, సుమారు రెండు కోట్ల మందిని గమనించారు. ఆ కాలంలో దాదాపు రెండు వందల కోట్ల కొత్త పరిచయాలు, ఆరు లక్షల ఉద్యోగ మార్పులు నమోదయ్యాయి. ఉద్యోగం మారడానికి దూరపు పరిచయాలే దగ్గరి వాటికన్నా ఎక్కువ తోడ్పడ్డాయని తేలింది. అయితే మరీ దూరమైనవి కాదు. ఉమ్మడి పరిచయస్తులు కొందరున్న మధ్యస్థ దూరపు పరిచయాలే అన్నిటికన్నా ఎక్కువ పనిచేశాయి. ముక్కూ ముఖం తెలియని వెయ్యిమందికి కనెక్షన్ రిక్వెస్టులు పంపి సంఖ్య పెంచుకునే అలవాటుకు ఈ ఫలితంలో సమర్థన దొరకదు. అదే కళాశాలలో పదేళ్ల కింద చదివినవారు, ఇంటర్న్‌షిప్‌లో పక్క టీమువారు, మన జిల్లా నుంచి వెళ్లి అదే రంగంలో స్థిరపడినవారు: వెతకవలసింది వీరిని.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది, ప్రొఫైల్‌ను సర్వరోగ నివారిణిగా అమ్మేవారు దాన్ని చెప్పరు. పని ఎక్కువగా కంప్యూటర్ మీద సాగే పరిశ్రమల్లో దూరపు పరిచయాల లాభం పెద్దది. అలా సాగని పరిశ్రమల్లో దగ్గరి పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి. చిత్తూరు జిల్లాకు ఇది చాలా ముఖ్యం. జావా నేర్చిన అమ్మాయికీ, బ్యాటరీ ఫ్యాక్టరీలో లైన్ మీద నిలబడే డిప్లొమా కుర్రవాడికీ, మామిడి గుజ్జు యూనిట్‌లో బాయిలర్ చూసే మనిషికీ ఒకే సలహా చెల్లదు. సాఫ్ట్‌వేర్, డేటా, డిజైన్, అకౌంట్స్, డిజిటల్ మార్కెటింగ్ వారికి ప్రొఫైల్ ముందువరస పనిముట్టు. ఐటీఐ ఫిట్టరుకు సూపర్‌వైజర్ మాట, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, స్థానిక శిక్షణ కేంద్రం ఇంకా ముందుంటాయి. అయితే ఆ ఫిట్టరే అయిదేళ్ల తర్వాత మెయింటెనెన్స్ ఇంజినీరుగా శ్రీసిటీకో హోసూరుకో మారాలనుకుంటే లెక్క మారుతుంది. అప్పుడు అతణ్ణి వెతికేది కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషే. పీహెచ్‌డీ చేసేవారికి లింక్డిన్‌కన్నా పరిశోధకుణ్ణి గుర్తించే ఆర్కిడ్ (ORCID) సంఖ్య, గూగుల్ స్కాలర్ పుట ముఖ్యమని కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ప్రొఫైల్ ఉన్నవారికి ఉద్యోగాలు వస్తున్నాయంటే అది ప్రొఫైల్ మహిమేనా, మనిషి సామర్థ్యమా అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి తగిన ఆధారం దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. ఉద్యోగ శిక్షణ పొందుతున్న 1,638 మంది నిరుద్యోగ యువతీ యువకులను 30 బృందాలుగా తీసుకుని, కొన్ని బృందాలకు మామూలు శిక్షణతో పాటు లింక్డిన్ వాడకం కూడా నేర్పారు. ఏ బృందానికి నేర్పాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. శిక్షణ ముగిసేసరికి, నేర్పని బృందాల్లో 70 శాతం మందికి ఉద్యోగాలు వస్తే, నేర్పిన బృందాల్లో మరో ఏడు శాతం పాయింట్లు ఎక్కువమందికి వచ్చాయి. ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. 2022లో అమెరికన్ ఎకనమిక్ జర్నల్‌లో ఇది ప్రచురితమైంది. అక్కడి యువత నగరాల్లో ఉండి కూడా వెనుకబడ్డ నేపథ్యం గలవారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పూతలపట్టు విద్యార్థి పరిస్థితికి అది చాలా దగ్గర. అందరూ ప్రొఫైల్ పెట్టుకుంటే ఎవరికీ లాభం మిగలదు కదా అని మరో ఆక్షేపణ. పోటీలో ముందుండటం వల్ల వచ్చే లాభం నిజంగానే తరిగిపోతుంది, దాన్ని కాదనలేం. తగిన మనిషి తగిన పనికి దొరకడం వల్ల వచ్చే లాభం మాత్రం మిగులుతుంది. పైగా నగరంలో చదివిన విద్యార్థులు ఈ పని ఇప్పటికే చేస్తున్నారు. అందరూ చేసే పనిని ఒక ప్రాంతం వారు మాత్రమే మానుకుంటే వారికి మిగిలేది నష్టమే. మూడో సంవత్సరం ఇంజినీరింగ్ టైంటేబుల్‌లో దీనికి నాలుగు తరగతులు కేటాయించడం ఏ కళాశాలకైనా భారం కాదు. క్యాంపస్ డ్రైవ్ ముందు రోజు హడావుడిగా చెప్పే చిట్కాలు మాత్రం ఆ తరగతులకు సాటి రావు.

ఇక పుట ఎలా ఉండాలి? హెచ్‌ఆర్ వెతుకులాట ఎలా సాగుతుందో తెలిస్తే సగం సమాధానం దొరుకుతుంది. వారు ఉద్యోగం పేరు, నైపుణ్యం, ప్రాంతం, అనుభవం పేర్చి వడపోస్తారు. పేరు కింది హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది. అక్కడ ‘అవకాశం కోసం ఎదురుచూస్తున్న ఫ్రెషర్’ అని రాస్తే ఏ వడపోతలోనూ తగలదు. ‘పైథాన్, ఎస్‌క్యూఎల్ తెలిసిన డేటా అనలిస్ట్, బీటెక్ 2025’ అని రాస్తే తగులుతుంది. ప్రాంతం విషయంలో చాలామంది నష్టపోతారు. వెతికేవారు పూతలపట్టు అని కొట్టరు, బెంగళూరు అని కొడతారు. సొంత ఊరు దాచనక్కరలేదు; ఏయే నగరాల్లో పనికి సిద్ధమో ‘ఓపెన్ టు వర్క్’ దగ్గర చేర్చితే చాలు. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారు ఆ సంగతి రిక్రూటర్లకే కనిపించేలా పెట్టుకోవచ్చు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోచోట పొడి అక్షరమే ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఒకలా, ప్రొఫైల్‌లో ఒకలా ఉంటే తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చిక్కు వస్తుంది. అన్నిటికన్నా బరువైనది పని రుజువు. ‘టీమ్‌వర్క్, లీడర్‌షిప్’ అనే మాటలు అందరి పుటల్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని ఎవరూ చదవరు. పాల సేకరణ కేంద్రానికి బిల్లులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసి గిట్‌హబ్‌లో ఉంచి, అది ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో చెప్పిన విద్యార్థి వేరుగా నిలుస్తాడు. ఈ ప్రాంతపు పని మీద చేసిన ప్రాజెక్టుకు ఇంకో బలం ఉంది. అది నెట్‌లో దొరికే నకలు ప్రాజెక్టు కాదని ఇంటర్వ్యూ చేసేవారికి వెంటనే తెలుస్తుంది. గైడ్‌గా ఉన్న లెక్చరరో ఇంటర్న్‌షిప్ మేనేజరో ఆ పని పేరు చెప్పి రాసిన మూడు వాక్యాల రికమెండేషన్, స్నేహితులు పరస్పరం నొక్కుకునే యాభై ఎండార్స్‌మెంట్ల కన్నా మేలు.

కనిపించడం అందరికీ ఒకేలా మేలు చేస్తుందా అన్నది ఇంతకన్నా కఠినమైన ప్రశ్న. పరిశోధకులు సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానమే, ఇంటిపేర్లే వేరు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67గా, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. 2009లో అభిజిత్ బెనర్జీ, ఆయన సహ రచయితలు ఢిల్లీ ప్రాంతంలో చేసిన ఇలాంటి పరీక్షలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కుల భేదం కనబడలేదు. కాల్‌సెంటర్ ఉద్యోగాల్లో కొంత కనబడింది. ఎస్సీ నియోజకవర్గం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం తగదు. ప్రొఫైల్‌లో పేరుతో పాటు ఫోటో, ఊరు కూడా కనిపిస్తాయి. వివక్ష చూపేవారికి అది కొత్త దారి కావచ్చు. అయితే పోల్చవలసింది వివక్ష లేని లోకంతో కాదు, ఇప్పుడున్న మరో దారితో. ఆ మరో దారి రెఫరల్, అంటే బంధువు చెప్పిన మాట. మన దేశంలో బంధుత్వాలు కులం లోపలే నడుస్తాయి కాబట్టి, రెఫరల్ తొలినుంచీ ఎక్కువ ఉద్యోగాలున్న కులాల వైపే మొగ్గుతుంది. ముంబై దాదర్‌లో కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ చేసి 2006లో ప్రచురించిన పరిశోధన ఇంకో ముఖం చూపింది. కార్మిక కులాల వలయాలు మగపిల్లలకు పని చూపించాయి, అలా చూపిస్తూనే వాళ్లను మరాఠీ మాధ్యమానికీ తండ్రుల పనులకూ కట్టేశాయి. ఆ వలయంలో చోటు లేని ఆడపిల్లలు ఇంగ్లీషు చదువు వైపు వేగంగా కదిలారు. వలయం బయటి పరిచయం వివక్షను తుడిచేయదు. ఒక్క తలుపు దగ్గరే నిలబడవలసిన గతిని మాత్రం తప్పిస్తుంది. ఫోటో పెట్టాలా, ఇంటిపేరు పూర్తిగా రాయాలా అన్నది అభ్యర్థి నిర్ణయం. పెట్టకపోతే తప్పన్నట్టు బోధించే శిక్షకులు ఈ అధ్యయనాలను చదవాలి.

మిగతా ఆక్షేపణలకు జవాబు చిన్నదే. ప్రభుత్వ ఉద్యోగానికి చదివేవారికి ప్రొఫైల్‌తో పనిలేదన్నది నిజం. 2025 మెగా డీఎస్సీలోని 16,347 టీచర్ పోస్టులకు పరీక్షే దారి అయింది. కానీ ఇలాంటి పరీక్షలకు చదివేవారిలో ఎక్కువమందికి ఉద్యోగం రాదు. నాలుగేళ్లు కోచింగ్‌లో గడిపి బయటికొచ్చినవారికి ఆ కాలంలో ఏం చేశారో చూపించే చోటు ఏదో ఒకటి కావాలి. సొంత డప్పు కొట్టుకోవడం మన పెంపకానికి నచ్చదు, నచ్చనవసరం లేదు కూడా. ఏ పని, ఎప్పుడు, ఎంత వరకు చేశానో రాయడం డప్పు కాదు. ఇంగ్లీషు రాదన్న భయం మరికొంచెం లోతైనది. లింక్డిన్ 2021 డిసెంబరులో హిందీలో వచ్చింది, ఆ తర్వాత తెలుగులోనూ వచ్చింది. మెనూలు తెలుగులో చదువుకోవచ్చు. హెచ్‌ఆర్ వెతికేది ఇంగ్లీషులోనే కాబట్టి పుట మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. చిన్న వాక్యాలు చాలు. యంత్రంతో రాయించుకున్న బరువైన పేరాలు ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడతాయి.

పెళ్లి, కాన్పు, అత్తవారి ఊరు మారడం వల్ల ఉద్యోగం ఆగిన ఆడవాళ్లకు ప్రొఫైల్ ఇంకో విధంగా ఉపయోగం. 2022 మార్చిలో లింక్డిన్ ‘కెరీర్ బ్రేక్’ అనే విభాగం చేర్చింది. ఆ ఖాళీ ఏళ్లను దాచకుండా, కారణంతో సహా చూపించి, ఆ కాలంలో నేర్చుకున్నది రాసుకోవచ్చు. చిత్తూరు, తిరుపతుల్లో ఇంటినుంచి పనిచేయాలనుకునే చదువుకున్న గృహిణులు చాలామంది ఉన్నారు. పాత సహోద్యోగులతో తెగిన లంకెలు తిరిగి కలిసేది ఇక్కడే. అదే సమయంలో అక్కరలేని మెసేజిల బాధ కూడా వారికే ఎక్కువ. ఫోటో కనెక్షన్లకు మాత్రమే కనిపించేలా సెట్టింగు ఉంది. దాన్ని మొదటి రోజే సరిచేసుకోవాలి, ఫోన్ నంబరు పుటలో రాయకపోవడం మేలు.

పుట మనది, గిడ్డంగి మాత్రం కంపెనీది. పైన చెప్పిన సైన్స్ అధ్యయనంలోని రెండు కోట్ల మందికి తమ మీద ప్రయోగం జరుగుతోందని విడిగా చెప్పలేదు. 2024 అక్టోబరులో ఐర్లాండ్ డేటా రక్షణ సంస్థ, ప్రకటనల కోసం సభ్యుల సమాచారం వాడుకున్న తీరుకు లింక్డిన్ మీద 31 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా పుటలో ఎక్కడా అవసరం లేదు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం దొంగ ఉద్యోగాలది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ పని అని నమ్మించి ఏజెంట్లు ఆంధ్ర యువకులను కంబోడియాకు తరలించి సైబర్ మోసాలు చేయించిన ఉదంతాన్ని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీలు బెంగళూరులో, హైదరాబాదులో ఎప్పటినుంచో ఉన్నాయి. ఇక్కడ ప్రొఫైల్ ఎదురు దిశలో పనికొస్తుంది. మనల్ని పిలిచిన హెచ్‌ఆర్ ఆ కంపెనీలో నిజంగా ఉన్నాడా, ఎన్నేళ్లుగా ఉన్నాడు, అతనితో పనిచేసినవారెవరు, ఆ కంపెనీలో మన కళాశాల వాళ్లున్నారా అన్నవి అభ్యర్థే వెతికి చూడవచ్చు. ఆఫర్ లెటర్ అందిన రోజే అలాంటి ఒక సీనియర్‌కు మెసేజి పెట్టి అడిగితే, చాలాసార్లు డబ్బు కట్టకముందే సంగతి తేలిపోతుంది. కట్టేసిన తర్వాత తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల మధ్యే ఉన్న మొదటి గంటల్లో దాన్ని ఆపించగలిగే అవకాశం ఎక్కువ.